కంప్యూటర్‌లో ప్రాసెసర్‌ని నీళ్లతో చల్లబరిచే వాటర్ కూలర్ ఉన్నా, ఏ పనీ చేయకుండానే అది 80 డిగ్రీలు దాటుతోంది. ఎందుకిలా?

తిరుపతి మే ఎండల్లో గదే 38 డిగ్రీలుంటే కూలర్‌లో నీళ్లు అంతకంటే చల్లబడవు, నిజమే. కానీ ఖాళీగా ఉన్నప్పుడే 80 అంటే తప్పు ఎండది కాదు. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల తెర) కూలర్ నీళ్లను తిప్పే పంపు ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూడండి. సున్నా చూపిస్తే వైరు ఊడి ఉంటుంది, లేదా పంపు పోయి ఉంటుంది. తిరుగుతుంటే నీళ్లు పారే రెండు గొట్టాలూ వేళ్లతో పట్టుకోండి. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉందా, నీళ్లు సరిగా పారట్లేదు. రెండూ వేడెక్కితే రేడియేటర్‌లో (నీళ్ల వేడిని గాలికి వదిలే భాగం) దుమ్మో, ఫ్యాన్లు ఆగడమో. రెండూ చల్లగానే ఉంటే బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ భాగం) ప్రాసెసర్‌కి సరిగా ఆనలేదని అర్థం; విప్పి, రెండింటి మధ్య వేడిని చేరవేసే పాత పేస్టు తుడిచి, కొత్తది రాసి, మళ్లీ బిగించండి. బ్లాక్ కింద ప్లాస్టిక్ పొర ఉండిపోయిందేమో కూడా చూడండి. నవ్వకండి, అది తీయకుండానే బిగించి రెండు రోజులు ఎండను తిట్టుకున్నవాణ్ణి నేను.