గుటకలో యూఈఎస్ తెరుచుకోవడాన్ని కొలవడానికి ఏ పద్ధతి?

ముద్ద చిక్కదనం మారితే అన్నవాహిక పై కవాటం, అంటే యూఈఎస్, తెరుచుకునే తీరు ఎలా మారుతుందో కొలవాలన్నారు. ఫీస్ (ముక్కు గుండా కెమెరా స్కోప్ దింపి గుటకను చూసే పరీక్ష), వీడియోఫ్లోరోస్కోపీ (మింగుతుండగా తీసే ఎక్స్‌రే వీడియో), మానోమెట్రీ (సెన్సర్లున్న ట్యూబు దింపి ఒత్తిడి కొలిచే పరీక్ష), ఈ మూడింటిలో ఏది వాడాలన్నది మీ ప్రశ్న.

ఫీస్ ఈ పనికి రాదు. గుటక పడే క్షణంలో గొంతు గోడలు స్కోప్ కొసను కమ్మేసి తెరంతా తెల్లబడుతుంది. మీకు కావలసింది సరిగ్గా అప్పుడే జరిగిపోతుంది. ముద్ద ముందే జారిపోవడం, మింగాక మిగిలిపోవడం చూడాలంటే మాత్రం ఫీసే మేలు.

ఎంతసేపు, ఎంత వెడల్పున తెరుచుకుందో తెలియాలంటే వీడియోఫ్లోరోస్కోపీయే. ఎక్కువమంది బోల్తాపడేది ఫ్రేమ్ రేటు దగ్గర. రికార్డర్ సెకనుకు 30 ఫ్రేములని చూపిస్తుంది కానీ ఎక్స్‌రే పల్స్ (సెకనుకు ఎన్నిసార్లు ఎక్స్‌రే వెలువడుతుందన్నది) 15కి పెట్టి ఉంటే ఒక్కో బొమ్మే రెండేసిసార్లు పడుతుంది. అప్పుడు ఫ్రేముల మధ్య అసలు ఎడం 67 మిల్లీసెకన్లు. మొత్తం తెరుచుకునేదే అరసెకను అటూఇటూ! పల్స్, రికార్డింగ్ రెండూ 30కి పెట్టించండి. కొలబద్దగా వ్యాసం తెలిసిన లోహపు రింగును గడ్డం కింద నడిమధ్యలో అంటించండి. చెంపకు అంటిస్తే మాగ్నిఫికేషన్ మారి కొలత తప్పుతుంది.

మానోమెట్రీ చెప్పేది ఒత్తిడి. ఒత్తిడి పడిపోతే కవాటం తెరుచుకున్నట్టే అనుకోవద్దు. కండరం ముందు సడలుతుంది, హైయాయిడ్ (నాలుక కింది చిన్న ఎముక), స్వరపేటిక పైకీ ముందుకీ లాగాక తెరుచుకుంటుంది. పైగా గుటకలో కవాటం పైకి జరుగుతుంది. పాత ట్యూబులో సెన్సర్ ఒక్కటే ఉంటే అది కవాటం నుంచి తప్పుకుని, సడలినట్టు దొంగలెక్క చూపిస్తుంది. సెంటీమీటరుకొక సెన్సరుండే హై రిజల్యూషన్ ట్యూబే వాడండి. మొద్దుబార్చే లిగ్నోకెయిన్ జెల్లీ ముక్కు వరకే, అదీ కొద్దిగా. గొంతు మొద్దుబారితే గుటకే మారిపోతుంది. వీలైతే వీడియోఫ్లోరోస్కోపీ, మానోమెట్రీ రెండూ ఒకేసారి తీసి, టైమ్ సింక్ చేయడం ఉత్తమం.

గడ్డం కింద ఈఎంజీ (కండరాల విద్యుత్ సిగ్నల్ కొలిచే పరీక్ష)తో సమయం తెలుస్తుంది, అంతే. అక్కడ మూడు నాలుగు కండరాల సిగ్నల్ కలిసిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది, ముద్ద ఎక్స్‌రేలో కనబడడానికి కలిపే బేరియమే. అది కలపగానే చిక్కదనం మారుతుంది కాబట్టి, కలిపాకే ఐడీడీఎస్ఐ (చిక్కదనాన్ని లెవెళ్లుగా చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) పరీక్ష చేయండి: 10 మి.లీ. సిరంజి నింపి 10 సెకన్లు కిందికి కారనివ్వండి. 1–4 మి.లీ. మిగిలితే లెవెల్ 1, 4 దాటి 8 లోపైతే లెవెల్ 2. పిండి రకం థికెనర్ (చిక్కదనం కోసం కలిపే పొడి) నిలవుంటే ఇంకా చిక్కబడుతుంది. ఎంగిలి చెంచా మళ్లీ కప్పులో పెడితే లాలాజలంలోని అమైలేజ్ (పిండిని అరిగించే ఎంజైమ్) దాన్ని పలచన చేస్తుంది. గ్జాంథాన్ గమ్ రకం థికెనర్‌తో ఈ గొడవ లేదు.