ఆయనకి పుస్తకాలే లోకం, సంఘం చెదిరిపోతోంది

కందుకూరు దగ్గర పల్లె నుంచి ఒక పాస్టరమ్మ రాశారు: "అయ్యగారూ వందనాలు. మా ఆయన సెమినరీలో, అదే పాస్టర్లకి చదువు చెప్పే చోట, నాలుగేళ్లు చదివొచ్చారు, వాక్యమంటే ప్రాణం. పొద్దునా చదువే, రాత్రీ చదువే, శనివారం తలుపేసుకుంటే ఇంక ఎవరొచ్చినా ప్రిపేర్ అవుతున్నారని నేనే పంపించేస్తా. మొన్న సంఘంలో ఒక పెద్దమ్మ కొడుకు హైవే మీద బండి యాక్సిడెంట్లో పోయాడు. ఆదరణ కూడికలో ఈయన చనిపోయిన విశ్వాసులు మళ్లీ లేస్తారని చెప్పే 1 థెస్సలొనీకయ 4వ అధ్యాయం మీద గంట సేపు చెప్పొచ్చేశారు, మళ్లీ ఆ ఇల్లు తొక్కలేదు. ఇప్పుడు ఆమె, ఇంకో మూడు ఇళ్లోళ్లు వేరే ప్రార్థనకి పోతున్నారు, అక్కడాయన వాక్యం అంత చెప్పలేడుగానీ ఇంటికొస్తాడంట. వాళ్లకి సత్యం అక్కర్లేదని ఈయన కోపం. రోజూ గొడవలే. నేనేం చెయ్యను?"

అమ్మా, నీ ఉత్తరం రెండు సార్లు చదివా. చదువు తగ్గించుకోమని ఆయనకి నేను చెప్పను, నువ్వూ చెప్పొద్దు. ఒక్క వచనం పట్టుకుని బీపీ మాత్రలు మానేయమని చెప్పేవాళ్లని, నీకు విశ్వాసం లేకే ఈ జబ్బొచ్చిందని మంచాన పడ్డ మనిషి మొహం మీదే అనేవాళ్లని నేను చూశా, వాళ్లు కూడా ప్రేమగానే ఇళ్లకొచ్చేవాళ్లు. వాక్యం జాగ్రత్తగా చదివే కాపరి దొరకటం సంఘానికి మేలు, ఇది మనసులో గట్టిగా పెట్టుకో.

కానీ ఆయన ఎంచుకున్న ఆ పత్రికనే, అంటే పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన ఆ ఉత్తరాన్నే, ఇంకోసారి మొదట్నుంచి చదవమను. నాలుగో అధ్యాయం కంటే ముందు రెండో అధ్యాయం ఉంది కదా, అక్కడ పౌలు మేము మీ మధ్య బిడ్డలకి పాలిచ్చే తల్లిలాగా ఉన్నాం, సువార్త ఒక్కటే కాదు మా ప్రాణాలు కూడా మీకివ్వటానికి ఇష్టపడ్డాం అంటాడు. ఆ మాట చెప్పుకోగలిగిన మనిషి గనకే పోయినవాళ్ల గురించి అంత ధైర్యంగా రాశాడు, వాళ్లూ విన్నారు. ఇంకా చూడమ్మా, ఆ పునరుత్థానం భాగం ఎట్లా ముగుస్తుందంటే "ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అని. మనం ఆదరణ కూడిక అని పిలుచుకునే మాట కూడా అదే. ఆయన చెప్పింది తప్పు కాదు, చెప్పి లేచొచ్చేయటం వల్ల ఆ వాక్యం సగంలో ఆగిపోయింది.

నేనూ ఇట్లాగే చేశా. సేవ మొదలుపెట్టిన కొత్తల్లో ఒకామె భర్త పోతే, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకి అన్నీ మేలుకే జరుగుతాయనే రోమా 8:28 తీసి గుమ్మంలో నిలబడే వివరించా, నిలబడే ప్రార్థన చేసి వచ్చేశా. ఏళ్లు గడిచాక ఆమే చెప్పింది, అయ్యా ఆ రోజు మీరు కాసేపు కూర్చుంటారని చాప పరిచా అని. ఆ చాప నాకిప్పటికీ కళ్ల ముందే ఉంటది.

మన ప్రాంతంలో సువార్త వచ్చిన తీరే చూడు. 1872లో రామాయపట్నంలో సెమినరీ పెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషనే, 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇప్పించింది. ఆ మిషన్‌లో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు ఆ కాంట్రాక్టు తీసుకుని బోధకుల్నే పని మీద పెట్టాడు, వాళ్లు ఆ జనం మధ్యే తిరిగారు, వాళ్ల ఏడుపు విన్నారు, అక్కడే వాక్యం చెప్పారు. అయినా కరువు సాయం నడిచినన్నాళ్లు ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు, జనం కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని. ఆ తర్వాతే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ జాగ్రత్త కూడా జనం మీద ప్రేమే కదా.

ఇంక టైం సంగతి. మీది పల్లె, పొగాకు పనులప్పుడు పొద్దున్నే జనం చేలల్లోనే ఉంటారు, ఇంటికెళ్లినా ఎవరూ దొరకరు. ఆ పూట చదువుకి వదిలేయ్, ఎవర్నీ లోపలికి రానివ్వకు, అందులో తప్పు లేదు. సాయంత్రం వాళ్లు ఇళ్లకి చేరాక రోజుకి రెండిళ్లు చాలు, ఇద్దరూ కలిసెళ్లండి. ఎవరైనా చావు, ఆసుపత్రి అని వస్తే మాత్రం శనివారమైనా సరే తలుపు కొట్టు, ఈ మాట ముందే ఆయనతో ఒప్పించుకో. సాయంత్రం వాళ్లు అడిగిన ప్రశ్నే పొద్దున ఆయన చదువులోకి రావాలి. నా కొడుకు ఇప్పుడెక్కడున్నాడయ్యా అని ఆ తల్లి అడిగితే, దానికి జవాబు చెప్పటానికి ఆయన ఎప్పుడూ చదవనంత శ్రద్ధగా చదువుతాడు.

మీకు పుస్తకాలే పెళ్లాం అని మాత్రం అనొద్దమ్మా, ఆ మాటతో ఆయన ఇంకా లోపలికి పోతాడు. నాకనిపిస్తంది, ఆయనకి ఏడ్చేవాళ్ల ముందు కూర్చోవటం భయం, ఏం చెప్పాలో తెలీక పుస్తకం వెనక దాక్కుంటున్నాడేమో. మెల్లగా అడిగి చూడు.

ఈ వారం ఆ పెద్దమ్మ ఇంటికి ఇద్దరూ పోండి. మా సంఘానికి తిరిగి రమ్మని అడగొద్దు, ఆ మాటే ఎత్తొద్దు. కొడుకు ఫోటో చూపిస్తే చూడండి, వాడి చిన్నప్పటి సంగతులు చెప్తే విననివ్వు ఆయన్ని, టీ ఇస్తే తాగండి. బైబిల్ సంచిలోనే ఉండనివ్వమను, ఆమె అడిగినప్పుడు తీస్తే సరిపోతుంది.