‘నేనే ఒప్పుకున్నా’ అంటున్నాడు... అయినా కేసు ఉంటుందా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి 19 ఏళ్లు. టెక్సాస్‌లోనే ఒక యూనివర్సిటీలో సెకండియర్. ఏషియన్ కుర్రాళ్ల ఫ్రెటర్నిటీ (కాలేజీ కుర్రాళ్ల సంఘం) ఒకదాంట్లో చేరడానికి ‘ప్లెడ్జింగ్’ (సభ్యుడయ్యే ముందు పెట్టే పరీక్షాకాలం) చేస్తున్నాడు. మొన్న ఇంటికొస్తే భుజాలు కమిలిపోయి ఉన్నాయి. రాత్రిళ్లు నిద్రపోనివ్వరట, వందల పుషప్స్ తీయిస్తారట, మందు తాగిస్తారట. గట్టిగా అడిగితే ‘నాన్నా, నేనే ఒప్పుకున్నా, సంతకం కూడా పెట్టా, ఇంకో మూడు వారాలే’ అంటున్నాడు. ఒప్పుకుని తిన్న దెబ్బలకు కేసు ఉంటుందా? కంప్లయింట్ ఇస్తే, 21 నిండకుండా తాగాడని వాడి మీదకే వస్తుందా?

జవాబు: ముందు ఆ సంతకం సంగతి. అది చెల్లదు. బాధితుడు ఒప్పుకున్నాడన్న వాదన హేజింగ్ (సంఘంలో చేర్చుకోవడానికి పెట్టే హింస) కేసులో నిలవదని టెక్సాస్ ఎడ్యుకేషన్ కోడ్ 37.154 సెక్షన్ తేల్చేసింది. కొట్టడం, నిద్ర లేకుండా చేయడం, ఒంటికి హాని జరిగేంత ఎక్సర్‌సైజ్ చేయించడం, మందు తాగించడం అన్నీ హేజింగ్ నిర్వచనంలో ఉన్నాయి. మీరు రాసినవి కూడా ఇవే.

మన కాలేజీల్లో ర్యాగింగ్‌కి జూనియర్ దొరికిపోతాడు. ఇక్కడ పిల్లాడు తన కాళ్లతో తానే వెళ్తాడు. వద్దంటే గెంటేస్తారేమో అన్న భయమే ఇక్కడ బలవంతం. ఆ సెక్షన్ పెట్టింది అందుకే.

‘ఇంకో మూడు వారాలే’ అన్న మాటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. 2013 డిసెంబరులో న్యూయార్క్ బరూక్ కాలేజీ ఫస్టియర్ కుర్రాడొకడిని పై డెల్టా సై అనే ఏషియన్ ఫ్రెటర్నిటీ వాళ్లు పెన్సిల్వేనియా పోకోనోస్ కొండల్లో అద్దె ఇంటికి తీసుకెళ్లారు. కళ్లకు గంతలు కట్టి, ఇసుక నింపిన బ్యాగు వీపున తగిలించి, చీకట్లో గడ్డకట్టిన నేల మీద నడవమన్నారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి గుద్ది పడేశారు. స్పృహ తప్పాక ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేయలేదు. లోపలికి మోసుకెళ్లి, బట్టలు మార్చి, ఆ లక్షణాల గురించి ఫోన్లలో వెతుకుతూ కూర్చున్నారు. చాలా ఆలస్యంగా కార్లో హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. మర్నాడు పిల్లాడు పోయాడు. మొత్తం 37 మంది మీద కేసులు పడ్డాయి. ఆ ఫ్రెటర్నిటీని కోర్టు పదేళ్లపాటు పెన్సిల్వేనియాలో నిషేధించింది.

2017లో పెన్ స్టేట్‌లో తిమోతీ పియాజాదీ ఇలాంటి కథే. తాగి మెట్ల మీద నుంచి పడ్డ పిల్లాడికి దాదాపు 12 గంటలు అంబులెన్స్ పిలవలేదు. మరుసటి ఏడాది వచ్చిన ఆ రాష్ట్ర హేజింగ్ చట్టానికి అతని పేరే పెట్టారు.

టెక్సాస్‌లో మామూలు హేజింగ్‌కి 180 రోజుల వరకు జైలు. ప్రాణం పోతే ‘స్టేట్ జైల్ ఫెలనీ’ అనే పెద్ద నేరం, రెండేళ్ల వరకు. ఇది నాకు చాలా తక్కువ అనిపిస్తుంది, మన ఆంధ్రప్రదేశ్ 1997 ర్యాగింగ్ చట్టం చావుకు యావజ్జీవం దాకా వేయొచ్చంది. అయితే ఇక్కడ ప్రాసిక్యూటర్ మ్యాన్‌స్లాటర్ (తెగించిన నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం) లాంటి పెద్ద సెక్షన్లూ పెట్టొచ్చు.

ఇక మీ రెండో భయం. 37.155 సెక్షన్ ప్రకారం, కాలేజీ తనంతట తాను పిలిచి అడగకముందే వెళ్లి చెప్పి, తర్వాత నిజాయితీగా సహకరించినవాళ్లకు ఆ ఘటన వల్ల వచ్చే సివిల్, క్రిమినల్ బాధ్యత నుంచి రక్షణ ఉంది. అంటే ముందు వెళ్లినవాడికే లాభం. తాగి ఎవరైనా పడిపోతే మొదట 911కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా అక్కడే ఉండి సహకరించిన మైనర్ (మద్యం చట్టంలో 21 నిండనివాడు) మీద తాగాడన్న కేసు పెట్టరు. ఈ ముక్క మీవాడికి ఈ రాత్రే చెప్పండి.

ఇంకోటి కూడా చెప్పండి. మూడు వారాల తర్వాత వాడు ‘బ్రదర్’ అవుతాడు. వచ్చే సెమిస్టర్లో కొత్త పిల్లల కళ్లకు గంతలు కట్టేది వాడే. అప్పుడు తాను చేసిన హేజింగ్ తానే వెళ్లి చెప్పినా ఆ రక్షణ దొరకదు. జరుగుతోందని కళ్లారా చూసి చెప్పకపోవడమూ నేరమే.

ప్రస్తుతానికి ఆ కమిలిన భుజాల ఫొటోలు తీసుకోండి. గ్రూప్‌మీ (గ్రూప్ చాట్ యాప్) మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీయించండి, స్నాప్‌చాట్‌వి మాయమయ్యేలోపే. డాక్టర్‌కి చూపించి రాయించుకోండి. పుషప్స్ అయ్యాక మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి, కండరాలు చితికి కిడ్నీలు పాడయ్యే లక్షణం అది.

కంప్లయింట్ డీన్ ఆఫ్ స్టూడెంట్స్‌కి రాతపూర్వకంగా మీరే ఇవ్వొచ్చు, వాడి సంతకం అక్కర్లేదు. కొట్టినందుకు పోలీసుల దగ్గరకూ వెళ్లొచ్చు. కానీ 18 నిండిన విద్యార్థి రికార్డు వివరాలు, ఫీజు కట్టే తండ్రికి కూడా, కాలేజీ చెప్పి తీరాలని ఏమీ లేదు. విద్యార్థి రికార్డుల గోప్యతకు ఉన్న ఫెర్పా చట్టం అలా ఉంది. అందుకే కంప్లయింట్ కంటే ముందు, తన వివరాలు మీకు చెప్పొచ్చంటూ మీ అబ్బాయి చేత రిజిస్ట్రార్ ఆఫీసు ఫారం మీద సంతకం పెట్టించుకోండి. వాడు పెట్టాల్సిన సంతకం అది.