బొచ్చె మొప్పల్లో తెల్లని గింజలు కనిపిస్తే మందు కొట్టవచ్చా?

తెల్లవారుజామున మీ చెరువులో బొచ్చె (కట్ల) చేపలు పైకి తేలుతున్నాయని, మొప్ప మూత ఎత్తితే తెల్లని గింజలు కనిపిస్తున్నాయని, కోసి చూసిన చేపలో మూత్రపిండం కూడా ఉబ్బి ఉందని రాశారు. మందుల దుకాణంలో పేను మందు (చేప ఒంటి మీది పేలను చంపేది), ఫార్మలిన్ (పరాన్నజీవులను చంపే రసాయన ద్రావణం) రెండూ కొట్టమన్నారని, కొట్టవచ్చా అని అడిగారు. ఆకివీడు ప్రాంతంలో బొచ్చె, శీలావతి పెంచుతున్న రైతుగా నేను చెప్పేది ఒక్కటే. సూక్ష్మదర్శిని కింద మొప్పను చూసే వరకు రెండింటిలో ఏదీ కొట్టకండి.

పరీక్షకు చచ్చిన చేప పనికిరాదు. చేప చచ్చిన కొద్దిసేపటికే చాలా పరాన్నజీవులు మొప్పను వదిలిపోతాయి కనుక నీరసించి ఒడ్డుకు చేరిన బతికున్న చేపనే పట్టాలి. మొప్ప రెబ్బ కొసను కత్తెరతో తుంచి, గాజు పలక మీద చెరువు నీటి చుక్కలో పెట్టి చూస్తే, తల దగ్గర నాలుగు నల్లని చుక్కలతో జలగలా సాగుతూ ముడుచుకుంటూ కదిలేది డాక్టిలోగైరస్ అనే మొప్ప పురుగు. తెల్లని గింజను సూదితో చిదిమినప్పుడు ద్రవంలో కదలిక లేని సిద్ధబీజాలు (పరాన్నజీవి స్పోర్లు) గుంపులుగా కనిపించి, ఒక్కొక్కదానిలో ఒక కొసన రెండు చిన్న తిత్తులు ఉంటే అది మిక్సోబోలస్ అనే సూక్ష్మ పరాన్నజీవి. ఒకటే తిత్తి ఉంటే దాని కోవకే చెందిన థెలోహానెల్లస్. ఈ కోవకు చెందినవి మూత్రపిండంలోనూ చేరతాయి కాబట్టి దాని ముక్కను కూడా నలిపి చూడండి.

మీ వర్ణనను బట్టి నా అనుమానం మిక్సోబోలస్ మీదే. అదే నిజమైతే చెరువులో కొట్టే మందు ఆ గింజల లోపలికి చేరదు, సిద్ధబీజం గట్టి పెంకును ఛేదించదు. పైగా పేను మందు బొచ్చెకు ప్రధాన ఆహారమైన జంతు ప్లవకాలను (నీటిలో తేలే చిన్న జీవులను) చంపుతుంది. ఫార్మలిన్ అసలే ఊపిరాడని చేపలకు మిగిలిన ప్రాణవాయువును కూడా తగ్గిస్తుంది. డబ్బు పోవడం ఒక ఎత్తు, చేపలు పోవడం మరో ఎత్తు. ఇప్పుడు మేత తగ్గించి, రాత్రంతా ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) తిప్పి, మంచి నీరు పెట్టి, అమ్మకానికి వచ్చిన బొచ్చెలను పట్టించి సాంద్రత తగ్గించండి. చచ్చినవాటిని గట్టు మీద పడేయకుండా సున్నం చల్లి పాతిపెట్టండి, ఎందుకంటే కుళ్లిన ప్రతి మొప్ప నుంచీ సిద్ధబీజాలు మళ్లీ నీటిలోకే చేరతాయి.

కనిపించింది డాక్టిలోగైరస్ మాత్రమే అయితే ఫార్మలిన్ వాడవచ్చు. చేపలు తేలడం తగ్గాక, ఎండ బాగా ఉన్న పూట, ఏరియేటర్లు తిరుగుతుండగా ఘనమీటరు నీటికి 15 నుంచి 25 మిల్లీలీటర్లు సరిపోతుంది. గుడ్లు చావవు కనుక సుమారు వారానికి మళ్లీ మొప్పలు చూసి రెండో విడత నిర్ణయించాలి.

మిక్సోబోలస్‌ను అదుపు చేసేది పంట తీశాక చేసే పనే. ట్రౌట్ చేపలను పట్టే మిక్సోబోలస్ తన జీవితచక్రంలో ఒక దశను బురదలోని ట్యూబిఫెక్స్ పురుగులో గడుపుతుందని వుల్ఫ్, మార్కివ్ అనే శాస్త్రవేత్తలు 1984లో చూపారు. బొచ్చె కూడా చెందే కార్ప్ కుటుంబం చేపలను పట్టే పలు మిక్సోబోలస్ రకాలకూ ఇలాంటి చక్రమే ఉందని తర్వాత తేలింది. అందువల్ల నీరు పూర్తిగా తీసి, నల్ల బురద ఎత్తించి, నేల నెర్రెలు వారేదాకా ఎండగట్టి పొడిసున్నం చల్లండి. వలలను కూడా ఎండబెట్టాకే మరో చెరువులో దించండి. కొత్త పిల్లను వదిలే ముందు కొన్నింటి మొప్పలు ఇలాగే చూడండి. దగ్గరలో సూక్ష్మదర్శిని లేకపోతే ఆక్సిజన్ పట్టిన సంచిలో బతికున్న చేపలను ఉండి మత్స్య పరిశోధన కేంద్రానికి తీసుకువెళ్లండి.