చిలుకకు ఎముకలు పెడుతున్న అత్తగారితో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: మేము విశాఖపట్నంలో ఉంటాము. భార్యాభర్తలం ఇద్దరమూ ఉద్యోగాలకు వెళ్తాము. ఆరేళ్ళ క్రితం మావారు ఒక ఆఫ్రికన్ గ్రే చిలుకను తెచ్చారు. మామగారు పోయాక అత్తగారు మా దగ్గరకే వచ్చేశారు. పగలంతా ఆమెకు ఆ చిలుకే తోడు. తాను తినే ప్రతిదీ దానికీ పెడతారు: పప్పన్నం, చారు, టీలో ముంచిన బిస్కెట్, ఆదివారం కోడికూరలోని ఎముకలు. చిన్నప్పుడు తమ పుట్టింట్లో రామచిలుకను ఇలాగే పెంచారని, ఎముక తింటేనే పక్షికి బలమని అంటారు. పోయిన నెల కోపంలో “మీరు దానికి విషం పెడుతున్నారు” అనేశాను. అప్పటి నుంచి ఆమె మాతో కలిసి భోజనానికి కూర్చోవడం లేదు. మావారు నోరు విప్పరు. ఎముకలు నిజంగా ప్రమాదమా? ఆమెను ఎలా ఆపాలి?

సమాధానం: తగవు ఎముక దగ్గర మొదలైంది కనుక ముందు దాని సంగతే చెబుతాను. ఎముక చిలుకకు విషం కాదు. గింజలు, పండ్లు, ఆకులు ప్రధానంగా తినే జాతే అయినా మాంసం చిలుకలకు పూర్తిగా పరాయిది కాదు; న్యూజిలాండ్ కొండల్లో ఉండే కియా అనే చిలుక చనిపోయిన జంతువుల మాంసాన్ని, మూలుగను కూడా తింటుంది. కుక్కలాగా చిలుక ఎముక ముక్కలను మింగదు. కాలితో పట్టుకుని ముక్కుతో చిట్లగొట్టి, లోపలి మూలుగను నాలుకతో తీసుకుంటుంది. ఉప్పు, మసాలా లేకుండా బాగా ఉడికించిన కోడికాలి ఎముకను, ఎవరైనా ఎదురుగా కూర్చుని చూస్తుండగా, ఎప్పుడో ఒకసారి ఇస్తే పెద్దగా భయపడనక్కరలేదు. కాబట్టి మీ అత్తగారు కళ్ళతో చూసి చెప్పినది అబద్ధం కాదు. మీరు వాడిన మాటే హద్దు దాటింది.

అయితే ఆదివారం కూరలోంచి తీసిన ఎముక వేరు. దానికి ఉప్పు, నూనె, ఉల్లి, వెల్లుల్లి అంటుకుని ఉంటాయి. ఆఫ్రికన్ గ్రే బరువు 400 నుంచి 500 గ్రాములు, అంటే 60 కిలోల మనిషి బరువులో నూరో వంతు కూడా లేదు. మనకు చప్పగా తోచే చారులోని ఉప్పు కూడా ఆ చిన్న శరీరానికి ఎక్కువే. ఉల్లి, వెల్లుల్లి పక్షుల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. “ఎంత ఇష్టంగా తింటోందో చూడు” అన్న మాటను మాత్రం సాక్ష్యంగా తీసుకోకూడదు, ఎందుకంటే మిరపకాయ మంట పక్షులకు తెలియదు, ఘాటైన కూరను కూడా అవి ఆనందంగా తింటాయి. పెళుసుగా విరిగిన ఎముక కొన నోటిలోనో గొంతులోనో గుచ్చుకోవచ్చు. సాయంత్రం వరకు బోనులోనే పడి ఉంటే దాని మీద సూక్ష్మజీవులు పెరుగుతాయి. పైగా మూలుగలో ఉండేది ఎక్కువగా కొవ్వు, బోనులో కూర్చుని ఉండే ఆఫ్రికన్ గ్రేలకు రక్తనాళాల్లో కొవ్వు పేరుకునే జబ్బు రావడం పశువైద్యులకు బాగా తెలిసిన విషయం.

బలం గురించి ఆమె ఆందోళనలో నిజం ఉంది, దాన్ని మీరు ఆమె ముందు ఒప్పుకోవాలి. ఈ జాతి చిలుకలకు రక్తంలో కాల్షియం పడిపోయి మూర్ఛలు వచ్చే బలహీనత ఉంది. పొద్దుతిరుగుడు గింజలు మాత్రమే తిని, ఎండ చూడకుండా పెరిగిన వాటిలో ఇది మరీ ఎక్కువ. కానీ ఆ లోటు మూలుగతో తీరదు. మంచి పెల్లెట్లు (చిలుకల కోసమే తయారుచేసే గుళికల ఆహారం), మునగాకు, బోనుకు తగిలించే సముద్రపు నురుగు ముక్క (కటిల్‌బోన్), వీటితోపాటు ఉదయపు ఎండ కావాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ చాలదు, పక్షికి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. రోజూ ఉదయం బోనును బాల్కనీలో, ఒక పక్క నీడ ఉండేలా పెట్టి అరగంట పక్కనే కూర్చునే బాధ్యతను అత్తగారికి అప్పగించండి. ఆ పని ఆమె మీకంటే ఓపికగా చేస్తారని నా నమ్మకం.

ఇక అసలు విషయం. “ఆమెను ఎలా ఆపాలి” అని అడిగారు. ఆపవద్దనే నేను చెబుతాను. ఇన్నేళ్ళు భర్తకూ పిల్లలకూ వడ్డించిన మనిషికి, ఇప్పుడు తన చేతి ముద్ద కోసం ఎదురుచూసేది ఆ చిలుక ఒక్కటే. మీరు ఉద్యోగానికి వెళ్ళాక ఆ ఇంట్లో ఆమెను పలకరించేదీ అదే. అటువంటి చేతిని విషం పెట్టే చేయి అన్నారు. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, కానీ ఆమె చెవిన పడింది అదే. పక్షి ఆరోగ్యం కంటే ఆమె ఒంటరిగా తింటున్న నెల రోజుల భోజనమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. పెట్టే చేయి అలాగే ఉండాలి, చేతిలోని పదార్థం మారాలి.

అందుకు వంటింట్లో ఒక చిన్న మార్పు చాలు. పప్పు ఉడికిన తరువాత, ఉప్పూ పోపూ పడకముందే ఒక చెంచా పక్కకు తీయండి. దానిలో ఉడికిన గుమ్మడి, క్యారెట్ లేదా చిలగడదుంప ముక్క, కాస్త మునగాకు కలిపితే అదే చిలుక పప్పన్నం. జామ, దానిమ్మ, మొలకెత్తిన పెసలు, వారానికి ఒకటి రెండుసార్లు ఉడికించిన గుడ్డు ముక్క కూడా పెట్టవచ్చు. పెల్లెట్లు ప్రధానంగా ఉండి, ఇవి వాటికి తోడుగా ఉండాలి. టీ, కాఫీ, చాక్లెట్, అవకాడో మాత్రం పూర్తిగా మానాలి. బూజు వాసన తగిలిన వేరుసెనగలు, నోటితో అందించే ముద్దలు కూడా వద్దు. పుట్టింటి రామచిలుక ప్రస్తావన వస్తే వాదించకండి. ఆ రోజుల్లో పక్షి చనిపోతే కారణం వెతికేవారు తక్కువ, అంతే. ఒకవేళ ఇప్పుడు మళ్ళీ ఒక రామచిలుకను తెద్దామంటే మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని నెమ్మదిగా చెప్పండి.

ముందుగా ఆ ఒక్క మాటకు క్షమాపణ అడగండి. ఆ రోజు ఆహార నియమాల ఊసు ఎత్తకండి. రెండూ కలిపితే క్షమాపణ సాకులా వినిపిస్తుంది. మీవారి మౌనం కూడా సరికాదు. పక్షిని తెచ్చింది ఆయన, తల్లి ఆయన తల్లి. మరుసటి రోజు భోజనానికి ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవలసింది ఆయనే. ఇంట్లో మాటలు పెరిగినా, అలవాటైన మనిషి దూరమైనా ఆఫ్రికన్ గ్రేలు తమ ఈకలను తామే పీక్కుంటాయని కూడా ఆయనకు చెప్పండి. ఈ చిలుకలు నలభై, యాభై ఏళ్ళు కూడా బతుకుతాయి, ఈ సర్దుబాటు చాలాకాలం నిలవాలి.

పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి కనుక వారానికొకసారి వంటింటి త్రాసు మీద దాని బరువు చూసి, అత్తగారి చేతే ఒక పుస్తకంలో రాయించండి. బరువు తగ్గుతున్నా, ఈకలు ఉబ్బించుకుని బోను అడుగున కూర్చున్నా ఆ రోజే పక్షులను చూసే పశువైద్యుని దగ్గరకు వెళ్ళాలి. ఇప్పుడు ఏ లక్షణమూ లేకపోయినా ఒకసారి పరీక్ష చేయించడం మంచిది. అప్పుడు అత్తగారిని తప్పకుండా వెంట తీసుకువెళ్ళండి. రోజంతా దాన్ని చూసుకునేది ఆమె కనుక, అది ఏం తింటోందని వైద్యుడు అడిగినప్పుడు జవాబు ఆమెనే చెప్పనివ్వండి.