హాఫ్ మారథాన్‌కి కొండ ఎక్కాలా, చదును రోడ్డు చాలా?

మీ ప్రశ్న ఇదీ: రోజూ చదును రోడ్డు మీదే పరుగెత్తుతున్నారు, మూడు నెలల్లో హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్ల పరుగు) ఉంది, కొండ మీద ప్రాక్టీస్ చేయాలా లేక చదునులోనే స్పీడు పెంచుకుంటే సరిపోతుందా అని. వారానికి ఒక్క రోజు కొండ, మిగతా రోజులు చదును అంటాను నేను. ఆ ఒక్క రోజు కూడా ఎక్కడం కంటే దిగడం మీద ఎక్కువ దృష్టి పెట్టండి. దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు, నాకూ ఎవరూ చెప్పలేదు.

నాది వైజాగ్. నాలుగేళ్లు బీచ్ రోడ్డు తప్ప వేరే దారి ఎరగను. చదునులో 10 కిలోమీటర్లు 54 నిమిషాల్లో వచ్చేస్తుంటే ఇంకేం కావాలి అనుకున్నాను. హైదరాబాద్‌లో ఒక హాఫ్‌కి వెళ్లాను, దారిలో వరసగా ఫ్లైఓవర్లు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుందని భయపడ్డాను కానీ ఎక్కడం బాగానే అయింది. ఎక్కేటప్పుడు పోయిన టైమ్ రాబట్టుకుందామని ప్రతి ఫ్లైఓవర్ దిగేటప్పుడు అడుగు బారుగా చాపి, మడమ మీద బరువు వేస్తూ జోరుగా దిగాను, అక్కడే దెబ్బతిన్నాను. 15వ కిలోమీటరు దగ్గర తొడల ముందు భాగం రెండూ పట్టేశాయి. ఆయాసం లేదు, ఊపిరి బాగానే ఉంది, కాళ్లు మాత్రం లేవలేదు. మిగతా ఆరు కిలోమీటర్లలో సగం నడిచాను. మర్నాడు స్టేషన్ మెట్లు రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి దిగాల్సి వచ్చింది.

తర్వాత చదువుకుంటే తెలిసింది. ఎక్కేటప్పుడు కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఒంటి బరువు మొత్తాన్ని బ్రేకులా ఆపాలి. అలవాటు లేని కండరానికి ఆ పని పడితే పోగులు సన్నగా దెబ్బతింటాయి, నొప్పి ఒకటి రెండు రోజులకి ముదురుతుంది. అయితే ఒకసారి కొద్దిగా దెబ్బతిని కోలుకున్న కండరం రెండోసారి అంతగా దెబ్బతినదు, ఆ రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. అందుకే రేసుకి ముందే కాళ్లకి దిగడం రుచి చూపించాలి. అమెరికాలో బోస్టన్ మారథాన్ చూడండి, మొదలుపెట్టే చోటు కంటే ముగిసే చోటు సుమారు 140 మీటర్లు కిందకి ఉంటుంది, అయినా అది కష్టమైన రేసే. మొదట్లో పల్లం కదా అని జోరుగా దిగినవాళ్ల తొడలు 32వ కిలోమీటరు దాటాక వచ్చే హార్ట్‌బ్రేక్ హిల్ దగ్గర మొరాయిస్తాయి. మా అమ్మ సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచి వచ్చాక కూడా, నడక కంటే కొండ మెట్లు దిగడమే మోకాళ్లని లాగేసిందని అనేది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఎక్కడం వల్ల లాభం లేదని కాదు, చాలా ఉంది. పిక్కలకీ పిరుదులకీ బలం వస్తుంది, నేల తాకిడి తక్కువ, అడుగు దానంతట అదే పొట్టిదవుతుంది. న్యూజీలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన రన్నర్లని కొండ దారుల్లో 35 కిలోమీటర్లు పరుగెత్తించేవాడు. వాళ్లలో పీటర్ స్నెల్ పరుగెత్తేది 800 మీటర్ల ట్రాక్ రేసు, అందులో 1960 రోమ్‌లోనూ 1964 టోక్యోలోనూ ఒలింపిక్ గోల్డ్ కొట్టాడు. కొండ మీద వచ్చిన బలం చదునులో పనికొస్తుందా అని అనుమానం ఉంటే ఇది గుర్తుంచుకోండి.

నేను ఇప్పుడు చేసేది కైలాసగిరి రోడ్డు మీద. మీ ఊళ్లో అయితే స్కూటీకి రేజ్ కొంచెం పెంచితే ఎక్కేసేంత వాలు వెతకండి, మరీ నిటారు వద్దు. మొదటి రెండు వారాలు 45 సెకన్లు ఎక్కి నెమ్మదిగా దిగడం, నాలుగుసార్లు చాలు. మెల్లగా ఎనిమిదికి పెంచండి. ఎక్కేటప్పుడు వాచీలో పేస్ (కిలోమీటరుకి పట్టే టైమ్) చూడకండి, అది చూస్తే టెన్షన్ తప్ప ఏమీ రాదు, ఊపిరిని బట్టి వెళ్లండి. నాలుగో వారం నుంచి రెండు వారాలకోసారి ఒకటి రెండు కిలోమీటర్లు ఆపకుండా దిగండి, అడుగులు పొట్టిగా, గబగబా, పాదం ఒంటి కిందే పడేలా, వెనక్కి వాలకుండా. రేసు ఇంకో పది రోజులుందనగా దిగడం ఆపేయండి.

చదును రోజుల్ని మాత్రం తగ్గించకండి. 21 కిలోమీటర్లు ఒకే లయలో లాగడం అక్కడే అలవాటవుతుంది, ఆదివారం లాంగ్ రన్ అక్కడే చేయండి. కొండ చేసిన మర్నాడు స్పీడు పెట్టొద్దు, నేను పెట్టి పిక్క పట్టేసి మూడు వారాలు కూర్చున్నాను.

దగ్గర్లో కొండ లేకపోతే ట్రెడ్‌మిల్ ఎత్తు పెట్టుకుని ఎక్కడం ప్రాక్టీస్ చేయొచ్చు కానీ మామూలు జిమ్ మెషీన్లలో దిగడం ఉండదు, దానికి రెండు వారాలకోసారైనా ఏదో ఒక వాలు రోడ్డు వెతుక్కోవాలి. ట్రాఫిక్ ఉన్న ఫ్లైఓవర్ మాత్రం వద్దు. ఇంకొకటి, పిక్కని మడమకి కలిపే తాడులాంటి భాగం (అకిలిస్ టెండన్) దగ్గర మీకు ఇప్పటికే నొప్పి ఉంటే ఎక్కడం మొదలుపెట్టకండి, దాని మీదే ఎక్కువ లాగుడు పడుతుంది. అలాంటిదేమైనా ఉంటే ఇక్కడే రాయండి, అప్పుడు ప్లాన్ వేరేగా చెప్తాను.