గచ్చు పక్కన గంధరాజం ఎందుకు పసుపెక్కింది?

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. సాయంత్రాలు కూర్చోవడానికి పెరట్లో కొత్తగా గచ్చు వేయించి, అంచున గంధరాజం నాటాం. మూడు నెలలకే లేతాకులు పసుపెక్కాయి, మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి. ఎండ, సముద్రపు గాలి బాగా తగులుతాయి. ఏళ్ల తరబడి ఉండి మంచి వాసననిచ్చే పొదలు ఏవి వేయాలి? – ఒక గృహిణి

జవాబు: అమ్మా, కొత్త మొక్కలు కొనేముందు గంధరాజం పక్కన జానెడు లోతు తవ్వి చూడండి. గచ్చు పోసినప్పుడు మిగిలిన సిమెంటు మాలు చాలాసార్లు ఆ అంచునే పడి ఉంటుంది. తెల్లటి పెళ్ల దొరికితే నిమ్మరసం పిండండి. బుసబుసా నురగ వస్తే సున్నమే. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా గంధరాజం వేరు తీసుకోలేదు. ఆకులో ఈనెలు పచ్చగానే ఉండి మధ్యభాగం పసుపెక్కిందంటే కారణం ఇదే. మొగ్గలు రాలడానికి గాలి, నీటి ఎద్దడి కూడా తోడై ఉంటాయి.

దాన్ని పారేయకండి, పాపం. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపిన పెద్ద కుండీలోకి మార్చి, గాలి తగలని గోడ చాటున, ఉదయపు ఎండ పడేచోట పెట్టండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుమునిచ్చే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు సాయంత్రం పూట పిచికారీ చేయండి. కొత్త చిగురు పచ్చగా వస్తుంది.

గచ్చు అంచుకు నా మొగ్గు గుండుమల్లె వైపే. మీరు కూర్చునే వేళకే అది విచ్చుతుంది. అడుగున్నర గుంత తీసి, పెళ్లలన్నీ ఏరేసి, మంచి మట్టి నింపి నాటండి. మల్లె పూసేది కొత్త చిగుళ్ల మీదే. మొక్క కుదురుకున్నాక ఏటా డిసెంబరులో నీళ్లు తగ్గించి, జనవరిలో నేల నుంచి మూరెడు ఎత్తుకు కత్తిరించండి. పచ్చని కొమ్మ కొయ్యడానికి చాలామందికి మనసొప్పదు, కానీ కొయ్యకపోతే పొద గుబురుగా పెరుగుతుందే గాని పూత పలచబడుతుంది.

సముద్రం వైపు దేవగన్నేరు వేయండి, ఉప్పుగాలికి తట్టుకుంటుంది. కొమ్మ నాటేటట్టయితే కోసిన చోట పాలు ఆరేదాకా వారం రోజులు నీడన ఉంచండి. ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోండి. చలికాలంలో ఆకంతా రాల్చి మోడులా నిలబడుతుంది, చచ్చిందనుకుని పీకేయకండి.

రేరాణి వాసన దగ్గర నుంచి చాలా ఘాటు, కొందరికి తలనొప్పి వస్తుంది. వేస్తే పెరటి చివరన, పడకగది కిటికీకి దూరంగా వేయండి. సింహాచలం సంపెంగ మీద మనసు పోతుందేమో, అది పెద్ద చెట్టవుతుంది. గచ్చు పక్కన వద్దు.